మా ఇంటి లక్ష్మికి ముక్కొచ్చిన శుక్రవారం

ఇరవై రెండేళ్ల వయసులో మనిషికి తెలియనిదంటూ ఏదీ ఉండదండీ. తెలియనివన్నీ ఆ తర్వాత ఒక్కొక్కటిగా బయటపడతాయి. నాకు ఆ వయసు నడుస్తున్నప్పుడు, ఏలూరులో మా నాన్నగారి సామాన్ల కొట్టులో, బీకాం పట్టా పుచ్చుకుని, గల్లాపెట్టె పక్కన స్టూలు వేసుకుని కూర్చునేవాణ్ణి. (నాన్నగారి లెక్కలో కొట్టులో అమ్ముడుపోని సరుకు నేనొక్కణ్ణే.) అప్పుడప్పుడే ప్రతివాళ్ల చేతిలోకీ పెద్ద ఫోన్లు వచ్చాయి, ఆ ఫోన్లలోకి వీడియోలు వచ్చాయి, ఆ వీడియోల్లో ఒకాయన "మీ ఇంట్లో ఈ పాత కాసు ఉందా, అయితే మీరు లక్షాధికారి" అని చెప్పడం మొదలుపెట్టాడు. ఊళ్లో అందరూ చూశారు, నవ్వుకున్నారు, ఎందుకైనా మంచిదని ఒకసారి బీరువా వెతుక్కుని ఊరుకున్నారు. నేను మాత్రం ఊరుకోలేదు.

మా కొట్టులో పాత ఇత్తడి, రాగి సామాను తూకానికి తీసుకుని కొత్త స్టీలు సామాను ఇచ్చేవాళ్లం. ఆ పాత బిందెల అడుగున, మరచెంబుల్లో, పోపుల పెట్టెల్లో ఎవరో ఎప్పుడో మర్చిపోయిన తెల్లదొరల నాటి డబ్బులు దొరుకుతుండేవి. చిల్లుకానీలు, అణాలు, బేడలు, బట్టతల రాజుగారి బొమ్మ ఉన్న పావలాలు. నాన్నగారు వాటిని తెచ్చినవాళ్లకే తిరిగి ఇచ్చేవారు, వాళ్లు వద్దంటే ఒక రేకు డబ్బాలో పడేసేవారు. ఆ డబ్బా మీద నేను పరిశోధన మొదలుపెట్టాను. ఒక భూతద్దం కొన్నాను. వేలిముద్ర పడితే కాసు పాడవుతుందని వీడియోలో చెప్పారని తెల్లటి చేతి తొడుగులు కొన్నాను. అవి వేసుకుని భోజనాల బల్ల దగ్గర కూర్చుంటే అమ్మ రెండు రోజులు చూసి, మూడో రోజు మెల్లిగా దగ్గరికొచ్చి, "చేతులకి ఏమన్నా వచ్చిందేమిట్రా, డాక్టరుగారికి చూపించుకోకూడదూ" అంది.

ఈ శాస్త్రంలో గ్రేడులని ఉంటాయండీ. కాసు ఎంత అరిగింది, బొమ్మ ఎంతవరకు తెలుస్తోంది అని చూసి మార్కులు వేసినట్టు వేయాలి. "గుడ్" అన్నారంటే అరిగి అరిగి ఎందుకూ పనికిరాకుండా ఉందని అర్థం. దానికి ఒక మెట్టు పైన "వెరీ గుడ్", ఇంకో మెట్టు పైన "ఫైన్" అంటే ఫరవాలేదు. "వెరీ ఫైన్" అంటే కళ్లకద్దుకోవచ్చు. అన్నిటికన్నా కింద "పూర్" అని ఒకటుంది, అది వచ్చినదాన్ని కరిగించుకోవడమే. రెండు నెలల్లో నాకు ఇది ఎంత పట్టేసిందంటే, కనబడిన ప్రతిదానికీ గ్రేడు వేసేవాణ్ణి. హోటల్లో ఇడ్లీకి వేశాను, మా వీధి మలుపులో స్పీడుబ్రేకరుకి వేశాను. ఒక నోటుబుక్కులో నాన్నగారి తలకాయకి కూడా "వెరీ గుడ్, పైభాగం పూర్తిగా అరిగినా అంచులు స్పష్టంగా ఉన్నాయి" అని రాసుకున్నాను. ఆ పుస్తకం ఒకరోజు నాన్నగారి కంటపడింది. ఆ సంగతి ఇక్కడ వదిలేద్దాం.

నాకు ఒక గురువుగారు కూడా ఉండేవారు. తాడేపల్లిగూడెంలో పాత సామాన్లు కొని, మాట్లు వేసి, తాళాలు బాగుచేసే సాయిబుగారు. కొట్టు పనిమీద గూడెం వెళ్లినప్పుడల్లా ఆయన దగ్గర ఒక గంట కూర్చునేవాణ్ణి. "ముందు ముక్కు చూడాలి బాబూ. బొమ్మలో ఎత్తుగా ఉండేది ముక్కూ చెంపా. అరగడం అక్కణ్ణుంచే మొదలవుతుంది. మనుషుల్లో గర్వం కూడా అంతే" అని నా వంక చూసేవారు. ఆ రెండోమాట ఎవర్ని గురించి అన్నారో నాకు చాలాకాలం తెలియలేదు. ఆయన దగ్గరే ఒకసారి రాణిగారి బొమ్మ ఉన్న వెండి రూపాయి ఒకటి కొన్నాను. రాణిగారి ముక్కు కోటేరు వేసినట్టు ఉంది. నిక్షేపంలాంటి వెరీ ఫైన్.

సరిగ్గా అలాంటి రూపాయే మా ఇంట్లో ఇంకొకటి ఉంది. అదీ చిక్కు. అది మా అమ్మ పూజగదిలో, కుంకుమ భరిణె పక్కన చిన్న వెండి గిన్నెలో ఉండేది. వరలక్ష్మీ వ్రతానికి అందరూ కలశం ముందు బంగారపు రూపు పెట్టుకుంటారు కదండీ. మా నాయనమ్మ కాపురానికొచ్చిన కొత్తల్లో బంగారం కొనే తాహతు లేక, చేతిలో ఉన్న ఆ వెండి రూపాయినే కడిగి, పసుపు రాసి, బొట్టు పెట్టి "ఈవిడే మన లక్ష్మి" అందట. అప్పట్నుంచీ దానిమీదున్న తెల్లదొరల రాణిగారు మా ఇంట్లో లక్ష్మీదేవి అయిపోయారు. ప్రతి శుక్రవారం పసుపు, బొట్టు, అక్షింతలు. నాయనమ్మ పోయేముందు నగలన్నీ మిగతా కోడళ్లకి పంచి, అమ్మ చేతిలో ఈ రూపాయి పెట్టింది. మా పెద్దమ్మలు ఇప్పటికీ అమ్మకి అన్యాయం జరిగిందనే అనుకుంటారు. అమ్మ మాత్రం అందరికన్నా ఎక్కువ తనకే వచ్చిందన్నట్టు ఉండేది.

ఒక ఆదివారం పొద్దున్న, అమ్మ గుడికి వెళ్లిన సమయంలో, తొడుగులు వేసుకుని ఆ రూపాయిని భూతద్దం కింద పెట్టాను. ముఖం నున్నగా ఉంది. ముక్కు లేదు, చెంప లేదు, జడ ఉండాల్సిన చోట పసుపు గట్టిపడి ఉంది. నిర్మొహమాటంగా "పూర్" అని గ్రేడిచ్చాను. కానీ వెనక్కి తిప్పి సంవత్సరం చూసి భూతద్దం ఇంకా దగ్గరికి లాక్కున్నాను. ఆ సంవత్సరం రూపాయి కోసం ఒకాయన ఏడాదిగా వెతుకుతున్నారు. ముదినేపల్లి దాటి కొల్లేటి వైపు ఒక ఊళ్లో రొయ్యల చెరువులున్న పెద్దమనిషి ఆయన. మా కొట్టులో సామాన్లు కొనేవారు, మేమంతా రొయ్యల బాబాయిగారు అనేవాళ్లం. ఒక్కో సంవత్సరం ముద్ర ఉన్న రూపాయి ఒక్కటి చొప్పున ఆల్బంలో వరసగా పేర్చుకున్నారు, ఆ ఒక్క గది ఖాళీ. "అరిగినా, విరిగినా ఫరవాలేదు బాబూ, గది నిండితే చాలు" అని నాతో ఎన్నోసార్లు అన్నారు.

చెప్పొద్దూ, ఆ క్షణంలో నేను చేస్తున్నది తప్పని నాకు అనిపించనే లేదండీ. పైగా పుణ్యమనిపించింది. ముక్కూ మొహం లేని అమ్మవారిని తీసేసి, కోటేరు ముక్కున్న అమ్మవారిని అమ్మకి ఇస్తున్నాను కదా, ఇందులో అమ్మకే లాభం అనుకున్నాను. గూడెం రూపాయికి కొంచెం పసుపు పులిమి, బొట్టుపెట్టి గిన్నెలో పెట్టేశాను. పాతదాన్ని జేబులో వేసుకుని, అదే ఊపులో గురువుగారి మెప్పు కూడా పొందుదామని ముందు గూడెం వెళ్లాను. సాయిబుగారు దాన్ని చేతిలోకి కూడా తీసుకోలేదు. "పసుపు అంటిన కాసు నేను ముట్టను బాబూ. ఏ ఇంటిదో ఆ ఇంట్లో పెట్టేసి రా" అన్నారు. ముసలాయనకి చాదస్తం అనుకుని, అటునుంచి అటే రొయ్యల బాబాయిగారింటికి వెళ్లి అమ్మేశాను. ఆయన బేరమాడలేదు, కళ్లనీళ్లు పెట్టుకున్నంత పనిచేశారు. నా జీవితంలో మొదటి అమ్మకం. సాయంత్రం ఏలూరు బస్సులో కిటికీ పక్కన కూర్చుని వచ్చానంటే, బస్సు నాదే అన్నట్టు వచ్చాను.

ఆ వచ్చే శుక్రవారమే వరలక్ష్మీ వ్రతం. గురువారం పొద్దున్న నాన్నగారు కాఫీ తాగుతూ, ఎన్నడూ లేనిది, "ఏమోయ్, ఈసారన్నా ఒక చిన్న బంగారపు రూపు కొందామా, ఎన్నాళ్లు ఆ అరిగిపోయిన రూపాయి" అన్నారు. అమ్మ శనగలు నానబోస్తూ, "ఎందుకండీ, మీ అమ్మగారు రాసి రాసి కొంత, నేను రాసి రాసి కొంత, ఆ ముఖం అలా నున్నగా అయ్యింది. నా బొటనవేలికి ఆ నునుపు అలవాటైపోయింది. వందలో కలిపేసినా కళ్లు మూసుకుని తీస్తాను మా లక్ష్మిని. ఆవిడ ఇంట్లో ఉన్నంతకాలం మీ అమ్మగారు ఉన్నట్టే నాకు" అంది. నాకు కాఫీ పొలమారింది. నేను పూర్ అని రాసిపారేసిన ఆ ముఖాన్ని అరగదీసినవి మా నాయనమ్మ వేలూ, మా అమ్మ వేలూ అని ఆ నిమిషం దాకా నా బుర్రకి తట్టలేదు. అమ్మ నా నెత్తిమీద తడుతూ "ఎవరో తలుచుకుంటున్నార్రా" అంది. ఎవరో ఏమిటి, రొయ్యల చెరువు గట్టున ఉన్న రాణిగారే తలుచుకుంటూ ఉండాలి.

మర్నాడు పొద్దున్న పూజకి కూర్చోగానే అమ్మ వేలు ఆ కొత్త ముక్కుకి తగులుతుంది. ఆ తర్వాత జరగబోయేది ఊహించుకునే ధైర్యం లేక, స్నేహితుడి ఇంట్లో పనుందని చెప్పి, తీసుకున్న డబ్బంతా జేబులో పెట్టుకుని మధ్యాహ్నం బస్సెక్కాను. శ్రావణమాసం వానలండీ, కొల్లేరు పొంగి రోడ్డు మీదకి వచ్చింది. బస్సు నీళ్లలో ఎద్దులా ఒక్కో అడుగూ వేసుకుంటూ వెళ్లింది. గంటన్నర దారి నాలుగు గంటలు పట్టింది. నేను వాళ్ల గుమ్మంలో అడుగుపెట్టేసరికి లోపల దీపాలు పెట్టేశారు.

బాబాయిగారు మనసున్న మనిషి. విషయం విని, ఒక్కసారి ఆల్బం వైపు చూసుకుని నిట్టూర్చి, "అమ్మగారి పూజలోది అని ముందే చెప్పకూడదా నాయనా. ఇచ్చేస్తాను, పట్టుకెళ్లు" అన్నారు. నా ప్రాణం లేచొచ్చింది. కానీ ఆల్బం తెరిస్తే ఆ గది ఖాళీగానే ఉంది. సందుల్లో పసుపు చూసి, వాళ్లావిడ, పిన్నిగారు, ఆదివారమే దాన్ని తీసుకెళ్లి తమ పూజగదిలో పెట్టేసుకున్నారట. పిన్నిగారు గుమ్మంలోకి వచ్చి, కొంగు భుజాన కప్పుకుని, నెమ్మదిగా అన్నారు: "దీపాలు పెట్టాక లక్ష్మిని గడప దాటిస్తారా బాబూ ఎవరన్నా?"

"పోనీ రేపు తెల్లారగట్టే తీసుకెళతానండీ" అన్నాను.

"రేపు శుక్రవారం కదమ్మా."

"ఎల్లుండి అయితే నా పని అయిపోతుందండీ."

"శుక్రవారం లక్ష్మిని పంపేస్తే మా పని అయిపోతుంది."

బాబాయిగారు ఏదో అనబోయారు. ఆవిడ ఆయన వంక చూశారు. వంద ఎకరాల చెరువులున్న మనిషి నోరు మూసుకుని ఆల్బం తిరగేసుకోవడం మొదలుపెట్టారు. నాకు కుడితిలో పడ్డ ఎలుకలా అయ్యింది. అది అసలు మా ఇంటి లక్ష్మి అని ఒకసారి వాదించి చూశాను. "డబ్బు పుచ్చుకుని గడప దాటించింది నువ్వే కదా" అన్నారు ఆవిడ, కోపం లేకుండానే. ఆ తర్వాత ఒక్క ప్రశ్న వేశారు. "మీ అమ్మగారికి తెలుసా?" నేను తల వంచుకున్నాను. ఆవిడ లోపలికి వెళ్లి కంచం పెట్టారు. పప్పుచారు వడ్డిస్తూ అన్నారు: "లక్ష్మిని పంపించడం తప్పు గానీ, లక్ష్మితో కలిసి పేరంటానికి వెళ్లడం తప్పు కాదుగా. తెల్లారి మా పూజ కానిచ్చుకుని నేనే తీసుకొస్తాను. మీ అమ్మగారు ఎన్నింటికి కూర్చుంటారు పీట మీద?"

ఎనిమిదింటికని చెప్పాను. ఆరింటికే కారు బయల్దేరింది. బాబాయిగారు నడుపుతున్నారు, పిన్నిగారు పట్టుచీర కట్టుకుని, ఒళ్లో తాంబూలం పళ్లెం పెట్టుకుని వెనక కూర్చున్నారు. ఆ పళ్లెంలో తమలపాకుల కింద మా లక్ష్మి. నీళ్లు తగ్గి రోడ్డు బాగానే ఉంది గానీ, పెదపాడు దగ్గర చేపల లారీ ఒకటి గుంటలో దిగబడి అందర్నీ గంటన్నర పైనే నిలబెట్టేసింది. నేను లారీకి గ్రేడు వేయలేదు. మేము ఏలూరు చేరేసరికి తొమ్మిదింబావు.

మా ఇంటి ముందు చెప్పులు గేటు దాటి వీధిలోకి వచ్చేశాయి. వ్రతానికి పదిమంది పేరంటాళ్లు వస్తారు మామూలుగా. ఆ రోజు వీధి వీధంతా అక్కడే ఉంది. ఇంకేముంది, బయటపడిపోయింది, పంచాయితీ పెట్టారు అనుకున్నాను. గేటు దగ్గరే పక్కింటి అత్తయ్యగారు ఎదురొచ్చి, పిన్నిగారి చేతులు పట్టుకుని, ఆవిడ ఎవరో కూడా అడక్కుండా, "విన్నారా అండీ, వీళ్లింట్లో అమ్మవారికి ముక్కొచ్చింది" అన్నారు. అరిగిపోయిన ముఖానికి వ్రతం రోజు పొద్దున్నే నిండుగా ముక్కూ మొహం వచ్చిందట. ఆడవాళ్లంతా వరసలో నిలబడి దణ్ణం పెట్టుకుంటున్నారు. నాన్నగారు, కొట్టుకి కూడా వెళ్లకుండా, తడికళ్లతో అందరికీ కుంకుమ ఇస్తున్నారు. పిన్నిగారు ఒక్కసారి నా మొహం చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు.

నాకేం చేయాలో పాలుపోలేదు. నిజం చెప్పేస్తే వీధిలో అందరి ముందూ అమ్మ నవ్వులపాలవుతుంది. చెప్పకపోతే అసలు లక్ష్మి కారులో తిరిగి రొయ్యల చెరువులకి వెళ్లిపోతుంది. దొంగకి తేలు కుట్టినట్టు ఒక స్తంభం పక్కన నిలబడ్డాను. పిన్నిగారు మాత్రం ఎక్కడా తొణకలేదు. నేరుగా పీట దగ్గరికి వెళ్లి, "ముదినేపల్లి దగ్గర్నుంచి వచ్చామండీ, మీ కొట్టు మనుషులమే" అని అమ్మకి బొట్టుపెట్టి, తాంబూలం చేతికిచ్చారు. అమ్మ పళ్లెం అందుకుంది. ఆకుల కిందకి వేలు వెళ్లింది. ఆగింది. అమ్మ కళ్లు దించలేదు, కింద ఏముందో చూడలేదు. బొటనవేలు ఒకసారి అటూ ఇటూ కదిలింది, అంతే. తలెత్తి స్తంభం దగ్గరున్న నన్ను చూసింది. నేను నేల చూశాను. ఆ తర్వాత ఆకులు పక్కకి తీసి, ఆ రూపాయిని కళ్లకద్దుకుని, మొదటిదాని పక్కనే బియ్యంలో కూర్చోబెట్టింది. పక్కింటి అత్తయ్యగారు వెంటనే అందుకున్నారు: "చూశారా, ముక్కొచ్చిన చెల్లెల్ని చూడటానికి అక్కగారు కొల్లేరు దాటి వచ్చారు." అందరూ మళ్లీ దణ్ణం పెట్టారు. నేనూ పెట్టాను, అందరికన్నా గట్టిగా.

పూజ అయ్యింది, కథ అయ్యింది, తోరాలు కట్టుకున్నారు. అమ్మ పిన్నిగారికి చీర పెట్టి పంపింది. నేను కారు దగ్గరికి వెళ్లి డబ్బు తిరిగి ఇవ్వబోతే బాబాయిగారు చెయ్యి వెనక్కి తీసుకుని, "ఇవాళ వద్దు, మళ్లీ ఈవిడేమంటుందో" అని గొంతు తగ్గించి అన్నారు. (శనివారం వెళ్లి ఇచ్చి వచ్చాను.) ముక్కు సంగతి నాన్నగారు ఈ రోజుకీ నమ్ముతారు. నా పాత నోటుబుక్కు తప్ప నా రాతలేవీ ఆయన చదవరు కాబట్టి ఇదంతా ధైర్యంగా రాయగలుగుతున్నాను.

మధ్యాహ్నం మూడింటికి ఇల్లు ఖాళీ అయ్యాక, అమ్మ వంటింట్లో నాకు బూరెలు పెడుతోంది. గండం గడిచింది, అమ్మ ఏమీ అడగలేదు కాబట్టి ఏమీ తెలియదని నా మనసు గాల్లో తేలుతోంది. ఆ హుషారులో, అన్నీ తెలిసినవాణ్ణి కదా, ఇంకొంచెం నటిద్దామని, "అమ్మా, నిజంగా ముక్కొచ్చిందంటావా?" అన్నాను.

"రావడానికి అదేమన్నా చిక్కుడు పాదుట్రా" అంది అమ్మ, నెయ్యి వేస్తూ. "పొద్దున్న వేలు పెట్టగానే తెలిసింది, ఇది మాది కాదని. నీ పనేనని కూడా తెలిసింది. ఆ తొడుగులూ ఆ భూతద్దం చూస్తూనే ఉన్నాగా. మీ నాన్నగారు పక్కనే గంట పట్టుకుని నిలబడ్డారు. నా మొహం చూసి ఏమైందన్నారు. పోయిందంటే ఆయన కోపం ఎవరి మీదకి వస్తుందో తెలియదా నాకు? నోటికొచ్చింది చెప్పేశాను, ముక్కొచ్చిందండీ అన్నాను. ఆయన నమ్మేశారు. పక్కింటావిడ వినేసింది. ఇంక నేనేం చెయ్యను." ఇంకో బూరె వేస్తూ అంది: "ఇన్నేళ్లలో మీ నాయనమ్మ ఇచ్చిన లక్ష్మి ముందు కూర్చుని నేను ఒక్క అబద్ధం ఆడలేదురా. ఇవాళ ఆ పీట మీద మన లక్ష్మి కూడా లేని సమయంలో ఆడాను. పొద్దుటినుంచీ ఒకటే మొక్కుకున్నాను, ఆవిడ రాకపోయినా సరే, వీడు ఇంటికొస్తే చాలని."

నా చేతిలో బూరె చేతిలోనే ఉండిపోయింది. వెక్కి వెక్కి ఏడ్చాను. అమ్మ మంచినీళ్లు దగ్గరికి జరిపి, "ఏడుస్తూ తింటే పొలమారుతుంది. ఏడ్చి తిను, లేదా తిని ఏడు" అంది. దాంతో నవ్వొచ్చేసింది. దొరికిపోతానేమోనని రెండు రోజులు వణికిన నాకు, నిజంగా దొరికిపోయాక ప్రాణం అంత తేలికపడుతుందని ఎవరూ చెప్పలేదండీ. అమ్మ వెళ్లిపోయి నాలుగేళ్లయింది. శుక్రవారం పసుపు రాయడం ఇప్పుడు మా ఆవిడ వంతు. వంటింట్లో బూరె పట్టుకుని ఏడుస్తూ నవ్వుతున్న ఆ కుర్రాడు గుర్తొస్తే వాడిమీద కోపం రాదు, కొంచెం అసూయ వేస్తుంది. తప్పులు నేను ఇప్పుడూ చేస్తూనే ఉన్నాను. ముక్కొచ్చిందని చెప్పేవాళ్లే లేరు.